ఐదు నిమిషాల నడక నిజంగా ఎంత దూరం: విశాఖపట్నంలో నడక పరిధిని గీసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్ల అమ్మకాలకు పంచే కరపత్రాలలో ‘బస్ స్టాప్‌కు ఐదు నిమిషాల నడక’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఆ మాట రాసినవారు పటం మీద రెండు చుక్కల మధ్య గీత గీసి, దాని పొడవు కొలిచి ఉంటారు. ఆ రెండు చుక్కల మధ్య జాతీయ రహదారి ఉందా, రైలు పట్టాలున్నాయా, ఎనభై మెట్ల కొండదారి ఉందా అన్నది ఆ గీత చెప్పదు. బస్ స్టాప్ ఎక్కడ పెట్టాలి, పాఠశాలకు ఏ వీధులు దగ్గర, ఏ కాలనీకి ఆరోగ్య కేంద్రం అందుబాటులో ఉంది వంటి నిర్ణయాలలో కూడా ఇదే పొరపాటు జరగవచ్చు. పటంలో ఒక వృత్తం గీసి, లోపలివారందరికీ సౌకర్యం అందినట్టు లెక్క వేసుకుంటే, ఆ వృత్తం లోపలే ఉండి కూడా చేరుకోలేనివారు లెక్క నుంచి జారిపోతారు.

ఆ వృత్తానికి బదులు నిజమైన పరిధిని ఎలా గీయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. నడక పరిధి అన్న మాటను ఇక్కడ ఒకే అర్థంలో వాడుతున్నాను: ఒక చోటు నుంచి, మనుషులు నిజంగా నడవగలిగిన దారుల వెంట, ముందుగా నిర్ణయించుకున్న సమయంలో చేరుకోగలిగిన ప్రాంతం. దీన్ని గీయడానికి ఇంజనీరింగ్ చదువు అవసరం లేదు. ఒక పటం, ఒక టేపు, గడియారం ఉన్న ఫోను, రెండు మూడు సాయంత్రాలు చాలు. కాలనీ సంక్షేమ సంఘాలు, ఉపాధ్యాయులు, ప్లానింగ్ చదువుతున్న విద్యార్థులు ఎవరైనా చేయవచ్చు.

ఈ కొలతలు ఎక్కడివి

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు సమతల నేల మీద నిమిషానికి సుమారు 80 మీటర్లు, అంటే గంటకు 4.8 కిలోమీటర్లు నడుస్తారన్నది ప్రణాళికలలో సాధారణంగా తీసుకునే లెక్క. ఆ లెక్కన ఐదు నిమిషాలకు 400 మీటర్లు, పది నిమిషాలకు 800 మీటర్లు వస్తాయి. బస్ స్టాప్‌లకు మొదటి కొలతను, రైల్వే లేదా మెట్రో స్టేషన్లకు రెండవ కొలతను వాడటం చాలా దేశాలలో ఆనవాయితీ. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ 1929లో ప్రతిపాదించిన నివాస ప్రాంత నమూనాలో పాఠశాల మధ్యలో ఉంటుంది. ఇళ్లు దానికి దాదాపు పావు మైలు, అంటే 400 మీటర్ల దూరంలో విస్తరించి ఉంటాయి. పెద్ద రోడ్లు ఆ ప్రాంతపు అంచుల వెంట పోతాయే తప్ప మధ్యగా పోవు. చివరి నియమాన్ని మన నగరంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గాజువాక నుంచి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గురుద్వారా కూడలి, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా మధురవాడ దాకా సాగే రహదారి నివాస ప్రాంతాల మధ్యగానే వెళుతుంది. దానికి రెండు వైపులా ఉన్న పిల్లలకు ఒకే పాఠశాల ఉంటే, ఒక వైపు పిల్లలు రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటవలసిందే.

మన దేశంలోనూ ఇలాంటి కొలతలున్నాయి. 2017 నాటి జాతీయ విధానం రవాణా ఆధారిత అభివృద్ధికి స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల ప్రాంతాన్ని తీసుకుంటుంది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాలు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఒక కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో పాఠశాల ఉండాలంటాయి. అక్కడ ‘నడక దూరం’ అనే అన్నారు, వృత్తపు వ్యాసార్ధం అనలేదు. ఆ తేడాను పట్టుకోవడమే మన పని.

మొదటి అడుగు: ఏ చోటికి, ఎవరి కోసం

మధ్య బిందువు ఏమిటో, నడిచేవారు ఎవరో ముందుగా కాగితం మీద రాసుకోండి. రెండవది రాయకుండా పని మొదలుపెట్టవద్దు. నిమిషానికి 80 మీటర్లు నడిచే కళాశాల విద్యార్థి ఐదు నిమిషాలలో 400 మీటర్లు వెళితే, నిమిషానికి 50 మీటర్లు నడిచే వృద్ధురాలు 250 మీటర్లే వెళుతుంది. దూరంలో తేడా మూడో వంతు కంటే కొంచెం ఎక్కువగానే కనిపించినా, వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి మారుతుంది. 400 మీటర్ల వృత్తం 50 హెక్టార్లు, 250 మీటర్ల వృత్తం 20 హెక్టార్ల లోపు. అంటే విద్యార్థికి అందుబాటులో ఉన్న ప్రాంతంలో ఆమెకు అందేది 39 శాతమే. ఒకే బస్ స్టాప్‌కు రెండు పరిధులు గీయవలసి వస్తుందని ఈ లెక్కే చెబుతుంది.

ప్రాథమిక పాఠశాలకైతే చిన్న పిల్లల నడకను తీసుకోవాలి. నిమిషానికి 60 మీటర్లు అనుకుంటే కిలోమీటరు దూరానికి దాదాపు 17 నిమిషాలు పడుతుంది. రైతుబజారుకైతే తిరుగు ప్రయాణాన్ని, అది కూడా రెండు చేతులలో సంచులతో నడిచేవారిని లెక్కలోకి తీసుకోండి.

రెండవ అడుగు: మధ్యను కాదు, గేటును గుర్తించండి

బస్ స్టాప్ అయితే బిందువు ఒకటే. రైల్వే స్టేషన్, ఆసుపత్రి, విశ్వవిద్యాలయం వంటి పెద్ద ప్రాంగణాలకు మధ్యలో చుక్క పెడితే కొలత మొదలు నుంచే తప్పుతుంది. మనుషులు గేట్లలోంచి వస్తారు కనుక ప్రతి గేటూ ఒక ఆరంభ బిందువే. విశాఖపట్నం రైల్వే స్టేషన్‌కు నగరం వైపు ప్రధాన ద్వారంతో పాటు జ్ఞానాపురం వైపు కూడా ద్వారం ఉంది. ఒక్క ప్రధాన ద్వారం నుంచే కొలిస్తే, స్టేషన్‌ను ఆనుకుని ఉన్న జ్ఞానాపురం ఇళ్లు పట్టాల అవతల దూరంగా పడిపోతాయి. రెండు ద్వారాల నుంచి విడివిడిగా గీసి కలిపితే అవి పరిధిలోకి వస్తాయి.

కింగ్ జార్జ్ ఆసుపత్రి విషయంలో ఎత్తు కూడా తోడవుతుంది. ‘కేజీహెచ్ డౌన్’ అని విశాఖ వాడుకలో ఒక చోటు పేరే ఉంది. పైకి చేరే గేటు, కింద తెరిచే గేటు ఒకే ఆసుపత్రివే అయినా, నడిచి వచ్చే రోగికి అవి రెండు వేర్వేరు చోట్లు. ప్రతి గేటు పక్కన అది తెరిచి ఉండే వేళలు కూడా రాయండి. రాత్రి తొమ్మిదికి మూసే గేటు పగటి పరిధిలో ఉంటుంది, రాత్రి పరిధిలో ఉండదు.

మూడవ అడుగు: పటం సిద్ధం చేసుకోవడం

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మీ ప్రాంతపు పటాన్ని ముద్రించుకోవచ్చు. ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రం చూసి పోల్చుకోవచ్చు. 1:5000 స్కేలు చేతిపనికి బాగా కుదురుతుంది. ఆ స్కేలులో కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50 మీటర్లు, 400 మీటర్లు ఎనిమిది సెంటీమీటర్లు. ముద్రించాక స్కేలు మారిపోలేదని పటంలోని కొలతపట్టీని స్కేలుబద్దతో సరిచూడండి. ప్రింటర్లు కాగితానికి సరిపోయేలా బొమ్మను తగ్గించడం మామూలే.

వృత్తలేఖినితో 400 మీటర్ల వృత్తం గీయండి. ఇది మన పరిధి కాదు, పరిధిని పోల్చుకోవడానికి పనికివచ్చే హద్దు మాత్రమే. నిమిషానికి 80 మీటర్ల నడకతో ఐదు నిమిషాలలో దీన్ని దాటి వెళ్లలేరు కనుక మీ సర్వే పని అంతా ఈ గీత లోపలే ఉంటుంది. రామకృష్ణా బీచ్ దగ్గరి స్టాప్‌ను తీసుకుంటే వృత్తంలో దాదాపు సగం సముద్రంలో పడుతుంది. అక్కడ మిగిలిన నేల వైశాల్యాన్ని, సుమారు 25 హెక్టార్లను, మొత్తంగా తీసుకోండి. సముద్రాన్ని లెక్కలో ఉంచితే బీచ్ రోడ్డులోని ప్రతి స్టాప్ విఫలమైనట్టు కనిపిస్తుంది.

నాల్గవ అడుగు: మీ అడుగును కొలుచుకోండి

సమతలంగా ఉన్న వీధిలో టేపుతో 100 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎవరితోనూ పోటీ పడకుండా, కూరగాయలకు వెళ్లేటంత మామూలుగా మూడుసార్లు నడిచి, అడుగులు, సెకన్లు రాసుకోండి. వంద మీటర్లకు 75 సెకన్లు పడితే నిమిషానికి 80 మీటర్లు, రెండు నిమిషాలు పడితే 50 మీటర్లు. వంద మీటర్లకు 140 అడుగులైతే మీ అడుగు 71 సెంటీమీటర్లు. ఇకపై టేపు లేకుండా సందులన్నీ అడుగులతోనే కొలవవచ్చు. ఫోనులోని జీపీఎస్ విశాలమైన రోడ్ల మీద బాగానే పనిచేస్తుంది, కానీ వన్‌టౌన్ వంటి చోట్ల ఇరుకు సందులలో గోడల మధ్య తడబడుతుంది. అక్కడ అడుగుల లెక్కనే నమ్మండి.

వీలైతే ఈ కొలతను ఇంట్లోని పెద్దవారితో, పదేళ్ల పిల్లలతో కూడా చేయించండి. పుస్తకంలోని సగటు కంటే మీ వీధి మనుషుల నడక మీ పనికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఐదవ అడుగు: నడిచి చూసి పటాన్ని దిద్దడం

పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. వృత్తం లోపలి ప్రతి వీధి, ప్రతి సందు చివరిదాకా నడవండి. పటంలో లేని దారులు దొరుకుతాయి: రెండు ఇళ్ల మధ్య మీటరు వెడల్పు సందు, గెడ్డ (కొండల నుంచి వచ్చే వాననీటి కాలువ) మీద వేసిన సిమెంటు పలక, గుడి ప్రాంగణంలోంచి అవతలి వీధికి పోయే దారి. పటంలో ఉండి నేల మీద లేనివీ దొరుకుతాయి: ప్రహరీ కట్టి మూసేసిన వీధి, ఇప్పుడు తాళం వేసి ఉంటున్న గేటు. మొదటి రకాన్ని ఆకుపచ్చ గీతతోనూ, రెండవ రకాన్ని ఎర్ర అడ్డగీతతోనూ గుర్తించండి.

మన నగరంలో నడకకు అడ్డుపడేవి ఎక్కువగా కొండ, రహదారి, పట్టాలు, గెడ్డ, పెద్ద ప్రాంగణాల ప్రహరీ. వీటిలో గెడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవిలో ఎండిన గెడ్డను జనం అడ్డంగా దాటి వెళుతుంటారు, అది దారిలాగే కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరు వానలలో అదే దారి మునుగుతుంది, లేదా మదుం (కల్వర్టు) దగ్గర మోకాలి లోతు నీరు నిలుస్తుంది. కాబట్టి సర్వే ఏ నెలలో చేశారో పటం మీద తప్పకుండా రాయండి. వానాకాలంలో ఎలా వెళతారని స్థానికులను అడిగి, తేడా ఉంటే ఆ దారిని చుక్కల గీతగా చూపండి.

అలాగే, పక్కపక్కనే ఉన్న రెండు కాలనీల మధ్య దారి ఉందని అనుకోవద్దు. లేఅవుట్లు వేర్వేరు కాలాలలో వేయడం వలన ఒకదాని వీధి రెండవదాని ప్రహరీకి వచ్చి ఆగిపోవడం మామూలే. సెక్టార్లుగా విభజించి లేఅవుట్ వేసిన ఎంవీపీ కాలనీ వంటి చోట వీధులు ఒకదానితో ఒకటి కలుస్తాయి కనుక పటం చాలావరకు నిజం చెబుతుంది. కొండవాలు మీద క్రమంగా పెరిగిన కాలనీలలో మాత్రం అసలు పటం మీ కాళ్ల కిందే తయారవుతుంది.

ఆరవ అడుగు: ఎత్తును సమయంగా మార్చడం

సమతల నగరాలలో ఈ భాగాన్ని ఒక్క వాక్యంతో దాటవేయవచ్చు. విశాఖలో అది చాలదు. వాల్తేరు అప్‌ల్యాండ్స్ అన్న పేరే ఈ నేల ఎగుడుదిగుడును చెబుతుంది. ఆరిలోవ వంటి ప్రాంతాలలో కొండవాలు మీద మెట్లు ఎక్కితే తప్ప ఇల్లు చేరలేని కుటుంబాలు చాలా ఉన్నాయి.

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇందుకు సులభమైన ఆధారం. నడకకు పట్టే సమయానికి తోడు, ప్రతి రెండు వేల అడుగుల ఎక్కుడుకు ఒక గంట కలపమన్నారు. మన కొలతలలో దాదాపు పది మీటర్ల ఎత్తుకు ఒక నిమిషం. నిమిషమంటే సమతలం మీద 80 మీటర్లు కనుక, పది మీటర్లు పైకి ఎక్కడం అదనంగా 80 మీటర్లు నడిచినట్టే. ఇది కొండలు ఎక్కే అలవాటున్న దృఢమైన మనుషుల లెక్క. వృద్ధులకు కనీసం రెట్టింపు తీసుకోవాలన్నది నా అనుభవం.

ఎత్తు కొలవడానికి ఫోను చూపే అంకెను నమ్మవద్దు. అది పది, ఇరవై మీటర్లు అటూ ఇటూ అవుతుంది. మెట్లున్న చోట మెట్లే కొలబద్ద. నాలుగైదు మెట్ల ఎత్తు కొలిచి సగటు తీసి, మెట్ల సంఖ్యతో గుణించండి. మెట్టుకు 15 సెంటీమీటర్లయితే 80 మెట్లు 12 మీటర్ల ఎత్తు.

ఒకసారి కొండవాలు వీధిలో ఇలా మెట్లు లెక్కపెడుతుంటే, పై వరుసలో ఉండే ఒక పెద్దావిడ నా పుస్తకంలోకి చూసి, “దిగడానికైతే ఎంతసేపు బాబూ, ఎక్కేటప్పుడు మాత్రం రెండుసార్లు కూర్చుంటాను” అన్నారు. అప్పటిదాకా నేను ఇళ్ల నుంచి స్టాప్ వైపే సమయం చూస్తూ వచ్చాను, అంటే దిగుడు సమయం. ఉదయం దిగేటప్పుడు ఐదు నిమిషాలలో ఉన్న ఇల్లు సాయంత్రం సంచితో ఎక్కేటప్పుడు తొమ్మిది నిమిషాల దూరంలో ఉండవచ్చు. ఆ రోజు నుంచి కొండ ప్రాంతాలలో పరిధిని ఎప్పుడూ ఎక్కే దిశలోనే గీస్తున్నాను. మీరూ అలాగే గీయండి.

ఏడవ అడుగు: రోడ్డు దాటడానికి పట్టే సమయం

రోడ్డు దాటడంలో రెండు ఖర్చులున్నాయి. దాటే చోటి దాకా నడవడం ఒకటి, అక్కడ ఆగడం రెండవది. సర్వేలో దాటే చోట నిలబడి, రద్దీ వేళలో పదిసార్లు దాటి చూసి సగటు నిరీక్షణ రాసుకోండి. ఒక నిమిషం ఆగితే 80 మీటర్ల నడక పోయినట్టే. కాలినడక వంతెన ఉంటే దాని మెట్లను పైన చెప్పినట్టే లెక్కించండి. పెద్ద వాహనాలకు దాదాపు ఐదున్నర మీటర్ల ఎత్తు వదలాలి కనుక వంతెన మీదికి చేరడానికి సుమారు 40 మెట్లుంటాయి. చాలామంది వాటిని ఎక్కరు. వంతెన కింద డివైడర్ దాటుతున్నవారు ఎక్కువగా కనిపిస్తే, ఆ వంతెనను పటంలో దారిగా చూపడం సరికాదు.

ఇప్పుడు ఇదంతా కలిపి ఒక ఊహా ఉదాహరణను లెక్కిద్దాం. స్టాప్ రహదారి పక్కన ఉంది, వెనుక కొండవాలు కాలనీ, ఎదురుగా మరో కాలనీ అనుకుందాం. మన చేతిలో 400 మీటర్లున్నాయి.

వెనుక వైపు 150 మీటర్లు సమతలంగా నడిస్తే 80 మెట్లు వస్తాయి. మెట్ల అడ్డపు పొడవు 25 మీటర్లు, 12 మీటర్ల ఎత్తుకు అదనంగా 96 మీటర్లు. మొత్తం 271. పైవీధిలో ఇంకా 129 మీటర్లు వెళ్లవచ్చు, అక్కడ ముగింపు గుర్తు పెడతాం. అదే దారిలో నిమిషానికి 50 మీటర్లు నడిచే వృద్ధురాలికి 175 మీటర్లకు మూడున్నర నిమిషాలు, ఎక్కుడుకు రెట్టింపు లెక్కన 2.4 నిమిషాలు, కలిపి 5.9. ఆమె ఐదు నిమిషాల పరిధి మెట్ల మీదే ముగిసిపోతుంది.

ఎదురు వైపుకు వద్దాం. డివైడర్‌లో దాటే చోటు 180 మీటర్ల అవతల ఉంది. అక్కడిదాకా 180, ఒక నిమిషం నిరీక్షణకు 80, రహదారి, సర్వీస్ రోడ్లు దాటడానికి 40, మొత్తం 300. మిగిలింది 100 మీటర్లు. స్టాప్‌కు సరిగ్గా ఎదురుగా, 40 మీటర్ల దూరంలో కంటికి కనిపిస్తున్న ఇంటికి చేరాలంటే అవతలి వైపు మళ్లీ 180 మీటర్లు వెనక్కి రావాలి. కాబట్టి ఆ ఇల్లు పరిధిలో లేదు. వృత్తం ప్రకారం అది స్టాప్‌కు అన్నిటికంటే దగ్గరి ఇళ్లలో ఒకటి. దాటే చోటు దూరంగా ఉన్న కొద్దీ జనం మధ్యలోనే డివైడర్ ఎక్కి దాటడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. వారికి క్రమశిక్షణ లేదని తేల్చేముందు ఆ 360 మీటర్లను ఒకసారి నడిచి చూడాలి.

ఎనిమిదవ అడుగు: గీత గీసి వైశాల్యం కట్టడం

ప్రతి వీధిలో సమయం ముగిసిన చోట చుక్క పెట్టండి. చుక్కలను వరుసగా కలపండి, కానీ దారి లేని ఖాళీల మీదుగా గీతను చాచవద్దు. కొండలోకి, రైల్వే స్థలంలోకి, ప్రహరీ లోపలికి గీత వెళుతుంటే లోపలికి మడవండి. రూపం చేతివేళ్లలా ఎగుడుదిగుడుగా రావడమే సహజం.

తరువాత పారదర్శకమైన గళ్ల కాగితాన్ని పటం మీద ఉంచండి. 1:5000 స్కేలులో ఒక చదరపు సెంటీమీటరు గడి పావు హెక్టారు. పూర్తి వృత్తంలో సుమారు 201 గళ్లుంటాయి. గీత లోపల సగానికి మించి ఉన్న గళ్లను లెక్కపెట్టి భాగహారం చేయండి. 110 గళ్లు వస్తే 27.5 హెక్టార్లు, దాదాపు 55 శాతం.

ఈ శాతం వంద ఎప్పటికీ కాదు. వీధులన్నీ లంబకోణంలో, దట్టంగా కలిసే ఆదర్శ నగరంలో కూడా ఐదు నిమిషాల పరిధి వజ్రాకారంలో వస్తుంది, అది వృత్తంలో 64 శాతమే. కనుక 60 శాతానికి దగ్గరగా వస్తే వీధులు చక్కగా కలిసి ఉన్నాయని అర్థం. 30 శాతం కంటే తక్కువైతే ఏదో పెద్ద అడ్డు ఉందని, పటంలో దాన్ని వేలు పెట్టి చూపగలగాలని అర్థం. అయితే ఈ శాతాన్ని ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పవద్దు. వృత్తంలో ఎవరూ ఉండని కొండ భాగం పోవడం నష్టం కాదు, రెండు వందల కుటుంబాలున్న ఒక్క మూల పోవడం నష్టం. పరిధి లోపల, వృత్తానికీ పరిధికీ మధ్య ఉన్న ఇళ్లను విడివిడిగా లెక్కపెట్టండి. సమావేశాలలో హెక్టార్ల కంటే ఆ సంఖ్యే మాట్లాడుతుంది.

కంప్యూటర్ మీద చేయదలచినవారికి పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. క్విక్‌ఓఎస్ఎమ్ ప్లగిన్‌తో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని రోడ్ల లేయర్‌ను దించుకొని, మీ సర్వేలో దొరికిన సందులను అందులో గీయండి. మూసిన దారులను తొలగించండి. విశాఖకు సరిపోయే ప్రొజెక్షన్, అంటే దూరాలను మీటర్లలో కొలవనిచ్చే పటపు పద్ధతి, యూటీఎమ్ 44 ఉత్తరం, ఈపీఎస్‌జీ సంఖ్య 32644. అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలో ఉంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. కొత్తగా గీసిన సందు చివర పాత వీధిలోని బిందువుకు సరిగ్గా అతుక్కోవాలి, అందుకు స్నాపింగ్‌ను ఆన్‌లో ఉంచాలి. కంటికి కలిసినట్టున్నా బిందువు కలవకపోతే సాఫ్ట్‌వేర్ ఆ దారిలో ముందుకు పోదు. ప్రాసెసింగ్ పెట్టెలోని నెట్‌వర్క్ విశ్లేషణ విభాగంలో ‘సర్వీస్ ఏరియా ఫ్రమ్ పాయింట్’ అన్న సాధనం చేరుకోగల వీధులను గీతలుగా ఇస్తుంది. వాటి చుట్టూ 30 నుంచి 50 మీటర్ల బఫర్, అంటే అంత వెడల్పు పట్టీ, వేయండి. బయటి చివర్లను మాత్రమే కలిపి చుట్టూ గీత గీసే కాన్వెక్స్ హల్ మాత్రం వాడవద్దు, అది వేళ్ల మధ్య ఖాళీలన్నిటినీ నింపి, మనం ఇంత కష్టపడి కనుగొన్న అడ్డులను చెరిపేస్తుంది.

తొమ్మిదవ అడుగు: అదే పటంలో రెండవ గీత

ఇప్పటిదాకా గీసింది ఎలాగో ఒకలా నడవగలిగిన దారి. భద్రంగా నడవగలిగిన దారి ఎంత అన్నది వేరే ప్రశ్న. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాల కోసం రూపొందించిన ఐఆర్‌సీ 103 ప్రకారం కాలిబాటలో అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, రోడ్డు అంచు నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి కంటే నిటారుగా ఉండకూడదన్నది సాధారణ ప్రమాణం. టేపుతో వెళ్లి ప్రతి వీధినీ ఈ కొలతలతో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్, హోర్డింగ్ స్తంభం, నిలిపిన బైకులు, మూత లేని కాలువ ఎక్కడెక్కడ దారిని మింగేశాయో రాసుకోండి. రాత్రి ఎనిమిది తరువాత ఒకసారి, వేసవి మధ్యాహ్నం ఒకసారి అదే దారిలో నడవండి. మన తీరపు ఉక్కలో నీడ లేని 400 మీటర్లు, చెట్లున్న 400 మీటర్లు ఒకటి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను కూల్చినప్పుడు ఎన్నో వీధులు ఒక్క రోజులో నీడను కోల్పోయాయి. మీ వీధిలో నీడ తిరిగి పెరిగిందో లేదో పటంలో రాయండి.

తోపుడు బండ్ల గురించి నాకు ఒక స్పష్టమైన అభిప్రాయం ఉంది. వాటిని అడ్డంకుల జాబితాలో గుడ్డిగా వేయకూడదు. రాత్రి పూట చీకటి వీధిలో ఇడ్లీ బండి వెలుగు, ఆ నలుగురు మనుషులు ఉండటం వల్లనే ఒంటరిగా నడిచే స్త్రీలు ఆ దారి ఎంచుకోవడం నేను చాలాసార్లు చూశాను. బండి పక్కన 1.8 మీటర్లు మిగిలితే దారి బాగున్నట్టే. వీధి వ్యాపారుల హక్కులకు 2014 నాటి చట్టం రక్షణ కూడా ఉంది.

ఈ పరీక్షలో నిలిచిన వీధులతోనే మొదటి గీత లోపల రెండవ గీత గీయండి. రెండు గీతల మధ్య ఉన్నదంతా మరమ్మతు చేస్తే తిరిగి వచ్చే ప్రాంతం.

పదవ అడుగు: ఏ ఒక్క మార్పు ఎంత ఇస్తుందో లెక్కించడం

పటం ముందు కూర్చుని చిన్న చిన్న మార్పులను ఒక్కొక్కటిగా ఊహించి, ప్రతిదానికీ పరిధిని మళ్లీ గీయండి. ప్రహరీలో ఒక గేటు తెరిస్తే, గెడ్డ మీద రెండు మీటర్ల కాలివంతెన వేస్తే, మెట్లకు చేతిపట్టీ, మధ్యలో కూర్చునే అరుగు కడితే, స్టాప్‌ను 60 మీటర్లు కూడలి వైపు జరిపితే, దాటే చోటును స్టాప్‌కు ఎదురుగా తెస్తే ఏమవుతుందో చూడండి. పై ఉదాహరణలో దాటే చోటు స్టాప్ ఎదురుగా ఉంటే, నిరీక్షణ, దాటడం కలిపి 120 మీటర్లు పోయి, అవతలి కాలనీలో 280 మీటర్ల నడక మిగులుతుంది. ఇంతకుముందు మిగిలింది 100, అది కూడా తప్పు చోట. ఒక సిగ్నల్, కొంత పెయింటు మొత్తం ఒక కాలనీని బస్‌కు దగ్గర చేస్తాయి. దానితో పోలిస్తే వృత్తం అంచున కిలోమీటరు కొత్త కాలిబాట వేయడం వలన పరిధిలో చేరే ఇళ్లు చాలా తక్కువ.

ఫలితాన్ని ఒకే కాగితం మీద పెట్టండి: పటం మీద వృత్తం, రెండు గీతలు, అడ్డుపడుతున్న చోటు ఫోటో, మార్పుకు ముందూ తరువాతా పరిధిలోకి వచ్చే ఇళ్ల సంఖ్య. కాలనీ వీధులు, కాలువలు, మెట్ల విషయాలు వార్డు సచివాలయంలోని ప్లానింగ్, ఎమినిటీస్ కార్యదర్శుల ద్వారా నగరపాలక సంస్థ జీవీఎంసీకి చేరతాయి. స్టాప్ మార్పు ఆర్టీసీతో, సిగ్నల్, దాటే చోటు ట్రాఫిక్ పోలీసులతో, రహదారిని నిర్వహించే సంస్థతో ముడిపడి ఉంటాయి. కాబట్టి ఒకే పటాన్ని ఆయా కార్యాలయాలకు వేర్వేరు వినతిపత్రాలతో ఇవ్వండి. ఒక్కో పత్రంలో ఆ కార్యాలయం చేయగలిగిన ఒక్క పనినే అడగండి. అన్నీ ఒకే కాగితంలో రాస్తే అది ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతూ ఉంటుంది.

అందుకున్న రసీదు నకలును, సర్వే తేదీని, మీ అడుగు కొలతను పటం వెనుకే అతికించి ఉంచండి. మార్పు జరిగిన తరువాత, మళ్లీ వానాకాలంలో, అదే స్టాప్ నుంచి అదే అడుగులతో నడిచి మూడవ గీత గీయవలసి ఉంటుంది.